నలభై రెండు దిమ్మలు

డెబ్బై ఏళ్లు నిండిన తాతాజీ ఒక యంత్రం మీద మనసు పారేసుకున్నాడు. ఈ వయసులో ఇదేం పోయేకాలమని అప్పయమ్మ నెత్తీ నోరూ కొట్టుకోలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె సవతులందరూ ఇనుముతో చేసినవాళ్లే కాబట్టి ఆమెకి అలవాటైపోయింది.

ఆ యంత్రాన్ని అతను ఎదురుగా చూసింది లేదు. ఫోన్లో వీడియో చూశాడు, అంతే. సెల్‌ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఉండే చిప్పులు తయారు చేసే యంత్రమట. ఆర్టీసీ బస్సంత ఉంటుంది. దాన్ని ముక్కలుగా విడదీసి, పెట్టెల్లో సర్ది, విమానాలెక్కించి పంపాలి. ఒక్కోటి వెయ్యి కోట్ల పైమాటే. తల వెంట్రుక వెడల్పులో కొన్ని వేల గీతలు గీయగలదు. పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఆ వీడియో మొదలుపెడితే, టీ మీద మీగడ కట్టేదాకా తాతాజీ తల ఎత్తేవాడు కాదు.

అతని పిచ్చికి కారణం లేకపోలేదు. పాతికేళ్ల కిందట నర్సీపట్నం చుట్టుపక్కల చెరకు వేసిన రైతుల్లో తాతాజీ పేరు తెలియనివాడు లేడు. చెరకు రసం తీసే ఇనప గానుగలు చేసేవాడు. పోత ఇనుము తెప్పించుకుని, లేత్ మీద చెరకుని నలిపే ఇనప రోళ్లు తిప్పి, పళ్లచక్రాలు బిగించి, చివరికి రెండు రోళ్ల మధ్య సందులో వేలు పెట్టి తడిమి చూసేవాడు. కొలబద్ద అక్కర్లేదు. "నూలుపోగంత ఎక్కువుంది" అంటే ఎక్కువ ఉన్నట్టే. అలాంటి చేతులు వెంట్రుకని వేల ముక్కలుగా కొలిచే యంత్రాన్ని చూస్తే ఊరుకుంటాయా?

ఊరుకుంటే ఇబ్బందే లేదు. ఆ యంత్రాలు చేసే కంపెనీల షేర్లు కొంటానని పట్టుబట్టాడు. అదీ ఉన్న డబ్బంతా పెట్టి.

ఉన్న డబ్బంటే ఇరవై నాలుగు లక్షలు. మెయిన్ రోడ్డు మీద ఎప్పుడో మూతబడ్డ షెడ్డు స్థలాన్ని రెండు నెలల కిందట సెల్‌ఫోన్ల షోరూము వాళ్లకి అమ్మితే వచ్చిన డబ్బు. మొగుడూ పెళ్లాలకి అదే పింఛను, అదే పొలం, అదే ముసలితనానికి ఊతకర్ర. అది పోతే ఇంకేమీ లేదు. ఆ సంగతి తాతాజీకీ తెలుసు. తెలిసే అంత తెగింపు.

ఆదివారం పొద్దున కూతురు సాయిలక్ష్మి స్కూటీ మీద వచ్చింది. ఊళ్లోనే ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరరు. రెండు వీధుల అవతల కాపురం. తండ్రి రెండు వారాలుగా ఫోన్ చేసి చంపుతుంటే, ఆ కంపెనీల వార్షిక నివేదికలు చదివి, ఓ నోట్సు పుస్తకం నిండా రాసుకుని మరీ వచ్చింది. అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నారు ఇద్దరూ. కాస్త దూరంగా గుమ్మం పక్కన అప్పయమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఇప్పుడు బియ్యంలో రాళ్లెక్కడున్నాయి? అయినా ఏరుతుంది. ముఖ్యమైన మాటలు జరిగేచోట ఆమెకి చేట ఉండాలి.

"ఒక్క మాట ముందే చెప్తాను నానా. నువ్వు కొనేది యంత్రం కాదు."

"అది నాకు తెల్దేటి? దుకాణంలో వాటా. నా దుకాణంలో ఎవలైనా వాటా అడిగితే సుత్తి అట్టుకుని తరిమీవోడిని. ఆలెవలో మంచోళ్లు, అడిగితే ఇస్తన్నారు."

"అసలు ఈ కంపెనీలే ఎందుకు?"

తాతాజీ ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నాడు. "ఇలా సూడు. బెల్లం ఒకడు బాగా వండుతాడు, ఒకడు మాడబెడతాడు. ఒకడికి దర వొస్తాది, ఒకడికి రాదు. ఎవడికి కలిసొస్తాదో నాకేటి తెలుస్తాది? కానీ ఎవడు వండినా గానుగ నా కాడే కొనాలి. ఈ సిప్పులూ అంతే. ఎవడు సేసినా యంత్రం ఈలకాడే కొనాలి. అలాటి యంత్రాలు సేసీవోలు ప్రపంచం మొత్తం మీద ఓ అయిదుగురు ఉంటారంట. బాగా సన్నపు పని సేసీది ఒక్కడేనంట. ఒక్కడే!"

సాయిలక్ష్మి నవ్వింది. తను క్లాసులో గంట చెప్పే పాఠాన్ని తండ్రి నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. "బాగుంది. నేను రాసుకొచ్చింది కూడా అదే. నిజంగానే మంచి కంపెనీలు నానా. లాభాలున్నాయి, అప్పులు తక్కువ. చేతిలో ఉన్న ఆర్డర్లు పూర్తి చెయ్యడానికే ఏడాదిన్నర పడుతుందట ఒకళ్లకి."

"ఎంత?"

"ఏడాదిన్నర. ఇవాళ ఒక్క కొత్త ఆర్డరు రాకపోయినా ఏడాదిన్నర పనికి లోటు లేదు."

"ఇన్నావా అప్పయమ్మా! ఏడాదిన్నర!" అని తాతాజీ తొడ చరిచాడు. అప్పయమ్మ చేటలోంచి తల ఎత్తలేదు. చరిచిన చెయ్యి అలాగే తొడ మీద ఉండిపోయింది. మొహంలో ఉత్సాహం కొంచెం కొంచెంగా దిగిపోయింది. సాయిలక్ష్మి నోట్సులో పేజీ తిప్పుతోంది కాబట్టి చూడలేదు. అప్పయమ్మ చూసింది.

తాతాజీకి దిమ్మలు గుర్తొచ్చాయి.

అతని షెడ్డులో గానుగ కావాలని వచ్చిన రైతు ముందు డబ్బు తీసేవాడు కాదు. తన పొలంలో వండిన కొత్త బెల్లం దిమ్మ ఒకటి, పది పన్నెండు కిలోలది, గోనెపట్టాలో చుట్టి తెచ్చి లేత్ పక్కన పెట్టేవాడు. అంటే ఆర్డరు ఇచ్చినట్టు. రాతకోతల్లేవు. గానుగ పొలానికి వెళ్లి మొదటి రసం కారిన రోజు ఇంకో దిమ్మ వచ్చేది. ఆ రోజే డబ్బూ ఇచ్చేవాడు. తాతాజీ తండ్రి నాటి నుంచీ ఆ షెడ్డులో అదే పద్ధతి. బల్ల మీద ఎన్ని దిమ్మలుంటే అన్ని ఆర్డర్లు. పొద్దున్నే వచ్చి దిమ్మలు లెక్కపెట్టుకోవడం తాతాజీకి దేవుడికి దణ్ణం పెట్టుకోవడంతో సమానం.

నాలుగేళ్లు బెల్లం ధర పెరుగుతూనే పోయింది. దిమ్మలూ పెరుగుతూనే పోయాయి. అయిదో ఏట ఒక్క నెలలో నలభై రెండు వచ్చాయి. బల్ల చాలక కింద ఇటుకలు పేర్చి పెట్టించాడు. ఆ నలభై రెండు దిమ్మలనీ చూసి అతని కళ్లు బైర్లు కమ్మాయి. బ్యాంకులో అప్పు తీసుకుని నలభై రెండు గానుగలకి సరిపడా పోత ఇనుము దింపించాడు.

తరవాత తెలిసింది. గానుగలకి కరువొచ్చిందని భయపడి, ఎక్కడ ముందు దొరికితే అక్కడ తీసుకోవచ్చని, రైతులు ఇక్కడో దిమ్మ, అనకాపల్లిలో ఇంకో షెడ్డులో ఓ దిమ్మ పెట్టారు. మోసం చెయ్యాలని కాదు. జాగ్రత్తపడ్డారు, అంతే. ఈలోగా బెల్లం ధర పడింది. మరీ ఎక్కువేం పడలేదు, నాలుగో వంతు. ధర నాలుగో వంతు పడితే రైతు ఇంటిఖర్చు నాలుగో వంతు తగ్గించుకుంటాడు, కొత్త గానుగ మాత్రం అసలే కొనడు. పాతదానికి తాడు కట్టి ఇంకో మూడేళ్లు లాగిస్తాడు. నలభై రెండు మందిలో గానుగ తీసుకెళ్లింది తొమ్మిది మంది. మిగతావాళ్లు ఒక్కో దిమ్మ వదులుకున్నారు. ఇనుము వానలో తుప్పు పట్టింది. లేత్ బ్యాంకు వాళ్లు తీసుకుపోయారు.

ఆ తరవాత మూడేళ్లు తాతాజీ సంపాదన సున్నా. మాకవరపాలెం పక్క పల్లెలో ఉన్న అప్పయమ్మ అన్న కొండన్న బియ్యం బస్తాలు పంపేవాడు. ఆ అన్నం ముద్ద తాతాజీ గొంతులో ఇప్పటికీ అడ్డంగానే ఉంది. అటు తరవాత సైకిల్ మీద ఊరూరూ తిరిగి గానుగలు బాగుచేసి ఎలాగో నిలదొక్కుకున్నాడు గానీ, బావ ఎదుట పడితే మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవాడు. కొండన్న గానుగ పాడైతే పరుగున వెళ్లి బాగుచేసి, డబ్బులిస్తే పుచ్చుకోకుండా వచ్చేసేవాడు.

"ఆ ఆడర్లు ఏపాటివి?" అన్నాడు ఉన్నట్టుండి. "డబ్బు కట్టినవా, దిమ్మ ఎట్టినవా?"

సాయిలక్ష్మి చప్పున తలెత్తింది. బల్ల మీది దిమ్మల్ని గోటితో గిల్లుకు తిన్న రోజులు ఆమెకి గుర్తే. నోట్సు వెతికింది. "కొంత ముందే కట్టాలట. కానీ కొనేవాళ్లు వాయిదా అడగొచ్చు, కొన్ని రద్దయినా అవ్వొచ్చు అని కంపెనీవాళ్లే రాశారు."

"అంటే సగం దిమ్మే."

"అలాగే అనుకో. ఇంకా ఉంది, విను. వీళ్ల దగ్గర ఎక్కువగా కొనేది నలుగురైదుగురే. అందులో ఇద్దరు ఈ ఏడాదికి వద్దనుకుంటే వీళ్ల అమ్మకం కుదేలు. ఫలానా దేశానికి అమ్మకూడదని వాళ్ల సర్కారు ఒక కాగితం ముక్క మీద రాస్తే ఆ బేరం పోయినట్టే. పైగా వీళ్ల గురించి లోకమంతటికీ తెలుసు కాబట్టి షేరు ధర ఇప్పటికే కొండెక్కి కూర్చుంది. ఇదిగో ఈ గీత చూడు." ఫోన్ అతని చేతిలో పెట్టింది. "ఇక్కడ సగానికి పడింది. ఇక్కడ సగం కన్నా కిందికి. ఇక్కడ మళ్లీ."

తాతాజీ ఆ గీతని వేలితో తడిమాడు. "పడింది. మళ్లీ లెగిసింది కదా. ముందుకన్నా ఎత్తుకే ఎల్లింది."

"కంపెనీ లేచింది నానా. ఒకసారి రెండేళ్లకి లేచింది, ఒకసారి చాలా ఏళ్లు పట్టింది. మధ్యలో ఆస్పత్రికో, ఇంటి ఖర్చుకో కావాలని అమ్ముకున్నవాళ్లు ఏమయ్యారో ఈ గీతలో కనపడదు."

మంచి మాటే చెప్పింది. కానీ మంచి మాట చెప్పినప్పుడే తాతాజీకి కోపం వస్తుంది. ఫోన్ చాప మీద పడేశాడు.

"అయితే బ్యాంకులో వేసుకుని కూకోమంటావు. వడ్డీ తింటా కూకుంటే పదేళ్లకి ఈ డబ్బు ఏపాటిదవుతాది? మందులకైనా వస్తాదా? అప్పుడు ఎవలి గుమ్మం కాడికెల్లాల? మల్లీ మీ మావ బియ్యం తినమంటావేటి? నాను తిన్లేనే అమ్మా. సచ్చిపోతాను గానీ ఇంకోపాలి తిన్లేను!"

అరుపు వీధిదాకా వినపడింది. ఎదురింటి కుక్క లేచి నిలబడింది. సాయిలక్ష్మి ఇన్నాళ్లూ నాన్నది ఆశ అనుకుంది. అది భయమని ఇప్పుడే తెలిసింది, తెలిశాక జాలేసింది.

చేట చప్పుడు ఆగింది.

"మా అన్న బియ్యం నువ్వెప్పుడు తిన్నావు?" అంది అప్పయమ్మ.

"ఏటే ఆ మాట? మూడేళ్లు తిన్నాను. నెలకో బస్తా."

"మా అన్న పండించిన బియ్యం తిన్నావు. ఊరికే తిన్లేదు. కొనుక్కుని తిన్నావు."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టె మూత కిర్రుమంది. వచ్చి, అట్ట చిరిగిన పోస్టాఫీసు పాసుపుస్తకం ఒకటి మొగుడి ఒళ్లో పెట్టి, మళ్లీ చేట ముందు కూర్చుంది. ఖాతా ఎప్పుడో మూసేసిన పుస్తకం. ఎడమ పక్క నెల నెలా కట్టిన డబ్బు, నాలుగేళ్ల పైచిలుకు. కుడి పక్క తీసిన డబ్బు, సరిగ్గా ఆ మూడేళ్లూ.

తాతాజీ తిప్పి తిప్పి చూశాడు. "ఇదెక్కడిదే?"

"దిమ్మలు."

"ఏ దిమ్మలు?"

"నీ షెడ్డులోవే. పని అయిపోయినవి నెలకోపాలి ఇంటికి పంపీవోడివి కదా. ఇన్ని దిమ్మలు ఏటయ్యాయే అని నువ్వడిగితే నానేటి సెప్పీదాన్ని?"

తాతాజీకి బాగా గుర్తుంది. అడిగిన ప్రతిసారీ ఆమె ఒకటే చెప్పేది, చీమలు పట్టేశాయని, ఆవుకి పెట్టేశానని, చుట్టుపక్కల పంచేశానని. ఇంట్లో అంతంత చీమలేమిటని అతను ఒకటి రెండుసార్లు చీమలమందు కూడా కొనుక్కొచ్చాడు.

"సీమలు పట్టేసినాయన్నావు కదే!"

"ఆ సీమని నానే," అంది అప్పయమ్మ. "రాజులమ్మని బెల్లం యాపారం సేసీది, నీకు గేపకం ఉందా? దానికి అమ్మీదాన్ని. దిమ్మకి ఇంతని. ముప్పై ఏలు దాకా అయింది. షెడ్డు మూసీసినాక అదే తీసి బియ్యం కొన్నాను. పిల్ల ఫీజు కట్టినాను. ఊరికే పుచ్చుకుంటానేటి మా అన్న కాడ? ఇస్తానన్నాడు, నానే ఒద్దన్నాను."

సాయిలక్ష్మి నోరు తెరుచుకుని వింటోంది. తన ఎనిమిదో క్లాసు, తొమ్మిదో క్లాసు ఫీజులు బెల్లం నుంచి వచ్చాయన్నమాట.

"మరి నాకెందుకు సెప్పలేదే?" అన్నాడు తాతాజీ.

"సెప్తే ఏటి సేసీవోడివి?"

అతను ఆలోచించాడు. ఇనుము కొనేవాడు. నలభై రెండు దిమ్మల మత్తులో ఆ ముప్పై వేలూ ఇనుముగా మారి షెడ్డులో తుప్పు పట్టేవి. అందులో అనుమానమేమీ లేదు.

"అంతా అయిపోయినాకైనా సెప్పొచ్చు కదా."

అప్పయమ్మ చేటలో వేలితో గీతలు గీసింది. ఈసారి మాటలు అంత గబగబా రాలేదు. "సెప్దారనే అనుకున్నాను. నువ్వు మా అన్న ఎదర సేతులు కట్టుకుని నిలబడితే నా పేనం ఉసూరుమనీది. కానీ పెళ్లాం దాసిన డబ్బుతో బతికినానంటే నీకు ఇంకా సిన్నతనం అవుతాదేమోనని బయమేసింది. ఈ ఏడు సెప్దారి, పై ఏడు సెప్దారి అనుకుంటా ఇన్నేళ్లయిపోయినాయి. తప్పు నాదే. కొడితే కొట్టు."

జీవితంలో ఒక్కసారీ చెయ్యెత్తనివాణ్ని కొడితే కొట్టమంటే ఏం చేస్తాడు? లేచి, చెప్పులేసుకుని, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వీధిలోకి నడిచాడు. సాయిలక్ష్మి వెనకాలే లేవబోతే అప్పయమ్మ ఆపింది.

"ఎల్లనీ. అక్కడికే ఎల్తాడు."

అక్కడికే వెళ్లాడు. షేర్ ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని మాకవరపాలెం దాకా, అక్కడి నుంచి మెరక దారిలో కాలినడకన. దారంతా లెక్కలు కట్టాడు. ఇరవై రెండేళ్లు బావ గానుగ ఊరికే బాగుచేశాడు. అరిగిన ఇరుసుల బుష్షులు తన డబ్బుతో వేశాడు. ఒకసారి జ్వరంతో వెళ్లి పళ్లచక్రం మార్చాడు. పెళ్లిళ్లలో బావకి కుర్చీ వేసి తను గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. లెక్క పెరిగేకొద్దీ కోపం పెరిగింది. కడిగెయ్యాలి, ఇవాళ బావని నిలబెట్టి కడిగెయ్యాలి.

కొండన్న బెల్లం వండే పాక దగ్గర మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఆరేళ్లు, మోకాళ్లు పనిచెయ్యవు. పాకలో తాతాజీ చేసిన గానుగే తిరుగుతోంది. పెద్ద పెనంలో రసం ఉడుకుతోంది. గుండీలు తప్పిన చొక్కాతో వస్తున్న తాతాజీని చూడగానే కొండన్న మొహం మారిపోయింది.

"తెలిసిపోయిందేటి బావా?"

"ఇరవై రెండేళ్లు!" అని అరిచాడు తాతాజీ. ఆ ఒక్క మాటా అనేసరికి ఆయాసం వచ్చి మంచం పట్టె మీద కూలబడ్డాడు. బావ పక్కన మంచం మీద కూర్చోవడం పాతికేళ్లలో అదే మొదటిసారి. ఇద్దరికీ ఆ సంగతి తెలిసింది.

కొండన్న తల దించుకున్నాడు. "ఒట్టేయించుకుంది. నా మనవరాలి నెత్తి మీద సెయ్యెట్టించి మరీ ఒట్టేయించుకుంది. నువ్వు డబ్బులొద్దని ఎల్లిపోయినప్పుడల్లా సిగ్గేసీది నాకు. సెప్పడానికి ఒట్టు అడ్డం. ఊరికే వస్తంటే కాదన్లేని పేరాశ కూడా ఉంది, అబద్దమెందుకు." మెడ మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఒక మాట సెప్పనా బావా? బస్తాకి పది రూపాయలు తగ్గించి తీసుకోయే అంటే తీసుకునీది కాదు. లెక్కెట్టి సేతిలో ఎట్టీది. 'ఇది నా మొగుడు సంపాదించిన డబ్బు, మాకు దరమం అక్కర్లేదు' అనీది. ప్రెతి నెలా అదే మాట. నాకు ఇసుగొచ్చీది ఇనలేక."

కడిగెయ్యాలని వచ్చినవాడు గానుగ రోళ్ల మధ్య చెరకు నలుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. తను ఎవరి తిండీ తినలేదు. తన రెక్కల కష్టమే తిన్నాడు. మూడేళ్లూ తన ఇంటిని తనే పోషించుకున్నాడు, తనకి తెలియకుండా. ఆ ముద్ద పాతికేళ్ల తరవాత గొంతు దిగింది.

కాసేపటికి లేచి, అలవాటు ప్రకారం గానుగ దగ్గరికి వెళ్లి చెవి పెట్టి విన్నాడు. "ఎడం పక్క బుష్షు అరుగుతంది," అన్నాడు. "పై వారం వొచ్చి మారుస్తాను. పన్నెండు వందలు అవుతాది."

"పదిహేను వందలిస్తాను," అన్నాడు కొండన్న, ఏడుస్తూ నవ్వుతూ. పాలేరుని కేకేసి, ఆ పొద్దున తీసిన కొత్త దిమ్మ ఒకటి గోనెపట్టాలో చుట్టించాడు. "ఇది అట్టుకెల్లు. ఆడరు అనుకో."

మధ్యాహ్నం దాటాక తాతాజీ ఇంటికి వచ్చాడు. పన్నెండు కిలోల దిమ్మ ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు కాబట్టి పంచె నిండా బెల్లం జిడ్డు. సాయిలక్ష్మి ఇంకా అరుగు మీదే ఉంది. అప్పయమ్మ చేటలోనూ అదే బియ్యం.

దిమ్మ చాప మీద దించి చతికిలబడ్డాడు. "రాయి," అన్నాడు కూతురితో. సాయిలక్ష్మి పెన్ను తీసింది.

"మనకి ఏడాదికి ఎంతవుతాది తిండికీ మందులకీ?"

"రెండున్నర లక్షలు దాటదు నానా."

"మూడేళ్లకి ఎనిమిది లక్షలు. అది మీ అమ్మ పేర పోస్టాఫీసులో వెయ్యి. పుస్తకం నాకు సూపించకండి. ఎక్కడ దాసిందో కూడా సెప్పకండి. సూపిస్తే ఇనుము కొనెస్తాను."

అప్పయమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది.

"మిగిలిన పదహారులో ఎనిమిది, నువ్వు ఫోన్లో సెప్పినావు కదా, అన్ని రకాల కంపినీలూ కలిసిన ఫండు, అందులో వేసీ. ఇక మిగిలిన ఎనిమిది మా పనోలకి." యంత్రాలు చేసే ఆ విదేశీ కంపెనీలవాళ్లు అతనికి తనలాంటి పనోళ్లే. "ఒక్కపాలే వెయ్యొద్దు. నెలకి ఇరవై ఏలు. ఎన్ని నెలలొస్తాది?"

"నలభై."

"నలభై నెలలు. పడినా ఆపొద్దు, లెగిసినా ఎక్కువ వెయ్యొద్దు. ఇంకోటి రాయి. ఆల సేతిలో ఆడర్లు మూడేళ్లకి సాలినన్ని ఉన్నాయని పేపర్లో వొచ్చిన రోజున నాను ఇంకా కొనమని అరుస్తాను. ఇనొద్దు. సగానికి పడిపోయినాయని వొచ్చిన రోజున అమ్మీమని ఏడుస్తాను. అప్పుడూ ఇనొద్దు."

"అంతా పోతేనో నానా? అదీ జరగొచ్చు. పది పదిహేనేళ్లలో ఏమవుతుందో నేను రాసివ్వలేను."

"పోతే ఎనిమిది పోతాయి. ఏడుస్తాను. కానీ అన్నం తిని ఏడుస్తాను."

సాయిలక్ష్మి పెన్ను మూసింది. "మరి నీ మాట వినకూడదంటే ఎవరి మాట వినాలి నేను?"

తాతాజీ గడ్డంతో గుమ్మం వైపు చూపించాడు. తరవాత మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేచి, దిమ్మని రెండు చేతులతోనూ ఎత్తి, వెళ్లి అప్పయమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె చేట పక్కన పెట్టి మొగుడి మొహంలోకి చూసింది. కోపం వెతికింది. కనపడలేదు. ఏడ్చిన కళ్లు మాత్రం కనపడ్డాయి, అంతే ఆమెకీ కళ్లు నిండిపోయాయి.

"ఏటిది?" అంది.

"ఆడరొచ్చింది," అన్నాడు తాతాజీ. దిమ్మని ఆమె ఒళ్లో పెట్టాడు. "సీమలకి ఎట్టు."